నాన్న పైన

మా బిల్డింగులో అతని అసలు పేరు ఎవరి నోటా పలకలేదు. అందరికీ అతను సిగ్నల్. "సిగ్నల్ వచ్చిందా?" అని పై ఇంటావిడ అడిగితే "వచ్చాడు, మూడో అంతస్తులో నిచ్చెనెక్కి ఉన్నాడు" అని కింది ఇంటాయన జవాబు చెప్పేవాడు. ఇంటర్నెట్టుకీ మనిషికీ తేడా లేకుండా పోయింది. అందుకు అతను ఏనాడూ మొహం మాడ్చుకోలేదు. పిలిచినవాళ్ళు ప్రేమగా పిలిచారా, వెక్కిరించారా అని ఆరా తీసే మనిషి కాదు. ఎవరింట్లో ఏం ఆగిందో చూసుకుని పోయేవాడు.

నేను మొదటి అంతస్తులో ఉంటాను, బట్టలు కుడతాను. మిషను తలుపు పక్కనే, మెట్లకి ఎదురుగా వేసుకున్నాను. వెలుతురు కోసమని నేనంటాను. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూడటానికేనని మిగతావాళ్ళంటారు. అననివ్వండి. నాకు ముక్కు మీద కోపం. నిజం నోట్లో దాగదు. వేసుకున్న బట్ట నప్పకపోతే నప్పలేదని మొహం మీదే చెప్పేస్తాను. దానివల్ల కొన్ని బేరాలు పోయాయి, కొందరు మనుషులు మిగిలారు. మిగిలినవాళ్ళలో సిగ్నల్ ఒకడు. నన్ను అక్కా అనేవాడు. నేను తమ్ముడూ అని పిలిచింది తక్కువ, తిట్టింది ఎక్కువ.

పైన డాబా మీద, నీళ్ళ ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య ఒక గది ఉంది. భార్యనీ కూతుర్నీ తీసుకుని అతను ఆ గదిలోకి వచ్చినప్పుడు మా ఫోన్లలో ఇంటర్నెట్ అంటే దేవులాటే. అతనే ఎక్కడినుంచో ఒక లావుపాటి లైను తెచ్చి, డాబా మీదినుంచి అన్ని అంతస్తులకీ వైర్లు దింపి, మెట్ల దగ్గర ఒక్కో పెట్టె బిగించాడు. గేటు పైన కూడా ఒకటి పెట్టాడు. బిల్డింగు ఓనరుకి ఆ పని నచ్చి, లైన్లు చూసుకుంటూ ఆ గదిలోనే ఉండిపొమ్మన్నాడు.

అప్పటికి కూతురు చిన్నది. అల్లరిపిల్ల. తండ్రి దాన్ని గడుగ్గాయి అనేవాడు, మేమూ అదే అనేవాళ్ళం. ఎప్పుడూ మెట్ల మీదే ఆటలు. "మీ నాన్న ఏడే?" అని ఎవరడిగినా తల ఎత్తకుండా "నాన్న పైన" అనేది. నిజమే మరి, ఆ మనిషి కాలు నేల మీద ఆనేది కాదు. నిచ్చెన మీదో, అటక మీదో, పిట్టగోడ మీదో ఉండేవాడు. వైఫైకి ఒక పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు "ఏం పెడదామే?" అని కూతుర్నే అడిగాడట. అది మళ్ళీ తల ఎత్తకుండా "నాన్న పైన" అంది. ప్రశ్న అర్థమయ్యే అందో, అలవాటుగా అందో తెలియదు. అతను నవ్వుకుని ఇంగ్లీషు అక్షరాల్లో అదే కొట్టాడు.

ఇక అప్పటినుంచి బిల్డింగులో ప్రతి ఫోనులోనూ అదే పేరు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇదేం పేరండీ?" అని ముక్కున వేలేసుకునేవారు. నెట్ ఆగితే "నాన్న పైన నిద్రపోయాడు" అనేవాళ్ళం. వాన రోజుల్లో మెల్లగా నడిస్తే "నాన్నకి ఇవాళ ఒంట్లో బాగాలేదు" అనేవాళ్ళం. పిల్ల పెద్దదై, సొంత ఫోను కొనుక్కుని, ఆ ఫోనుకి గడుగ్గాయి అని పేరు పెట్టుకుంది. తండ్రి కూతుళ్ళిద్దరూ అలా ఒకరి పేరు ఒకరు మోసేవాళ్ళు. సిగ్నల్ భార్య మాత్రం నెమ్మదస్తురాలు. డాబా మీద వైర్ల కింద నిలబడి బట్టలు ఆరేస్తూ, వాటిలో ఒక్క వైరు కూడా కదలకుండా చూసుకునేది.

ఆవిడకి ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది. తండ్రికి ఫోను మీద ఫోను చేసింది. అతను వేరే వీధిలో ఎవరిదో డాబా మీద ఎండలో లైను కలుపుతున్నాడు. ఫోను స్కూటరు డిక్కీలో పడి ఉంది. మేమే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయాం. అతను ఉరుక్కుంటూ వచ్చేసరికి ఆవిడ లేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఒకరోజు పై నుంచి అరుపులు వినిపిస్తే మిషను ఆపి విన్నాను. నాకు ఆ అలవాటుంది, కాదనను.

"ఊళ్ళో అందరికీ లైను కలుపుతావు. అమ్మకి మాత్రం నీ లైను దొరకలేదు" అంటోంది పిల్ల.

దానికి అతను చేయెత్తాడట. కొట్టలేదు. ఎత్తినందుకే ఆ పిల్ల సంచీ సర్దుకుంది. దిగిపోతూ నా గుమ్మం ముందు ఆగి, "వెళ్తున్నానత్తా" అంది. దాని తండ్రి నన్ను అక్కా అంటాడు కాబట్టి దానికి నేను అత్తని. "వెళ్ళొస్తాననవే" అని కసిరాను. అది విననట్టే పోయింది. పై మెట్ల మీద నిలబడి అతను కూడా ఆ మాట విన్నాడు. తర్వాత చాలాసార్లు నాతో అన్నాడు, "వెళ్ళొస్తానని ఉంటే ధైర్యంగా ఉండేదక్కా" అని.

పిల్ల నంబరు మార్చేసింది. ఊరికి అటు చివర ఏదో షాపులో పనికి కుదిరిందని ఎవరో చెప్పారు. ఏ షాపో, ఎక్కడుంటోందో ఎవరికీ తెలియదు.

ఏడాది దాటి ఉంటుంది. ఒక సాయంత్రం నా ఫోనులో నెట్ ఆగిపోయింది. ఒకావిడ అప్పుడే కొలతలు పంపుతానంది, నేను కత్తెర పట్టుకుని కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఆపసోపాలు పడుతూ మెట్లన్నీ ఎక్కి డాబా మీదికి పోయి, "ఏం తమ్ముడూ, బతికే ఉన్నావా?" అని మొదలుపెట్టాను. అతను వెనక్కి తిరక్కుండానే చేయెత్తి ఆగమన్నాడు. గుమ్మంలో కూర్చుని, ఫోను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"గట్టిగా మాట్లాడకండక్కా" అన్నాడు గుసగుసగా.

"ఎవరున్నారిక్కడ వినడానికి?"

అతను ఫోను నాకేసి తిప్పాడు. ఏ పెట్టె దగ్గర ఏ ఫోను కలిసి ఉందో అందులో కనబడుతుంది. గేటు పెట్టె దగ్గర ఒక పచ్చచుక్క, పక్కన పేరు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదివాను. గడుగ్గాయి.

"కింద బస్టాపులో ఉందక్కా" అన్నాడు. "దాని ఫోనుకి మన పాస్‌వర్డు గుర్తుంది. దగ్గరికి రాగానే దానంతట అదే కలుస్తుంది. దానికి తెలుసో లేదో."

మా గేటు పక్కనే బస్టాపు. దాని వీపు మా వైపు ఉంటుంది. పైనుంచి చూస్తే రేకు కప్పు తప్ప నిలబడ్డవాళ్ళు కనిపించరు. మేమిద్దరం పిట్టగోడ మీంచి ఆ రేకుని చూశాం. కాసేపటికి బస్సు వచ్చింది, పోయింది. ఫోనులో పచ్చచుక్క ఆరిపోయింది.

"కిందే ఉందని తెలిసి పైన కూర్చుంటావా? పద, ఈసారి వస్తే నేను పోయి చెవి పట్టుకుని లాక్కొస్తాను" అన్నాను.

అతను నా చేయి పట్టుకున్నాడు. అలా ఎప్పుడూ పట్టుకోలేదు. మొదటిసారి ఆ పేరు కనిపించినప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడట. గేటు దాటేసరికి పిల్ల అతన్ని చూసింది. చూసి, అప్పుడే కదులుతున్న బస్సు, అది ఎటు పోయేదో కూడా చూసుకోకుండా ఎక్కేసింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ పేరు రాలేదు. ఇక రాదేమోనని మనిషి సగమయ్యాడు. మళ్ళీ వచ్చింది. అప్పుడు కాళ్ళు కదలకుండా గుమ్మం పట్టుకుని కూర్చున్నాడట.

"చూడటానికి పోతే రావడమే మానేస్తుందక్కా. ఇలా అయితే బతికుందని తెలుస్తుంది, ఇటువైపు వస్తోందని తెలుస్తుంది. బస్సు కోసం నిలబడుతోందో, నా కోసం నిలబడుతోందో నాకు తెలియదు. ఎవరికోసమైనా సరే, నిలబడుతోంది కదా. దాని కోపం అదే తగ్గాలి. మీరు కదిలించనని ఒట్టు వేయండి."

నేను కాదనలేకపోయాను. ఒట్టు వేశాను. ఆ రోజునుంచి సాయంత్రాలు నెట్ ఆగినా నేను పైకి పోలేదు. బట్ట ఒకరోజు ఆలస్యమైతే కొంపలు మునగవు.

వారానికో పది రోజులకో ఒకసారి పచ్చచుక్క వెలిగేది. వెలిగిన మర్నాడు అతను గడ్డం గీసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగేవాడు. "నిన్న బస్సు ఆలస్యంగా వచ్చిందక్కా" అనేవాడు. అంటే పిల్ల ఎక్కువసేపు ఉందని. ఆ బస్సు ఆలస్యానికి సంతోషించిన మనిషి ఊరు మొత్తంలో అతనొక్కడే అయి ఉంటాడు.

అలా సాగుతుండగా ఓనరు మమ్మల్నందరినీ కింద కార్లు పెట్టే చోటికి పిలిచాడు. పక్కన ఒక కంపెనీ మేడమ్ నిలబడి ఉంది. ఇకనుంచి బిల్డింగు మొత్తానికి ఇంటర్నెట్ ఆ కంపెనీదేనట. ఎవరికి వారు లైను పెట్టించుకోనక్కర్లేదు, అద్దెలోనే కలిసిపోతుంది. ప్రతి అంతస్తులో కొత్త పెట్టెలు, లిఫ్టులో కూడా నెట్. ఏది చెడినా వాళ్ళకి ఆఫీసులో కూర్చునే తెలిసిపోతుంది. బిల్డింగు అంతటికీ ఒకే కొత్త పేరు, ఇంటింటికీ వేరే పాస్‌వర్డు. ఓనరు పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఇలాంటి సదుపాయం ఉంటే ఇళ్ళు ఖాళీగా ఉండవని ఎవరో అతని చెవిలో వేశారు. అందులో తప్పేమీ లేదు, నిజంగానే మంచి సదుపాయం.

సిగ్నల్‌ని ఎవరూ వీధిన పడెయ్యలేదు. కంపెనీయే పనిలోకి తీసుకుంది. జేబు మీద కంపెనీ గుర్తున్న చొక్కా ఇచ్చింది, ఆ చుట్టుపక్కల బిల్డింగులు చూసుకోమంది. గది కూడా అతనికే ఉంచారు. అందరూ భుజం తట్టారు. అతను మాత్రం ఆ మేడమ్ దగ్గరికి పోయి నీళ్ళు నమిలాడు.

"మేడమ్, పేరు పాతదే ఉంచితే... పాస్‌వర్డు కూడా..."

"ఏ బిల్డింగుకైనా ఒకటే పద్ధతండీ" అంది ఆవిడ, మర్యాదగానే. "అయినా ఆ పాత పాస్‌వర్డు బయట ఎంతమంది దగ్గరుందో మీకు తెలుసా? అది మంచిది కాదు కదా."

అతను తల ఊపి వచ్చేశాడు. ఎంతమంది దగ్గరున్నా అతనికి కావలసింది ఒక్కరి దగ్గర ఉండటమే.

"అసలు సంగతి చెప్పొచ్చు కదా?" అని మెట్ల దగ్గర నిలదీశాను.

"నోరు పెగల్లేదక్కా. ఏమని చెప్పను? నా కూతురు నాతో మాట్లాడదు, దాని ఫోను మాట్లాడుతోంది, పేరు మార్చకండి అననా?"

అతను చెప్పకపోతే నేను ఊరుకుంటానా? కారణం చెప్పకుండానే ఓనరు మీదికి వెళ్ళాను. "పాత పేరుంటే నీకొచ్చిన నష్టమేంటి?" అని అడిగాను. ఓనరు చేతులు జోడించాడు. "అక్కయ్యగారూ, సంతకం అయిపోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా నేనూ ఆ కంప్లైంటు నంబరుకే ఫోను చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కి, పాట వింటూ నిలబడాలి. ఇది నా బిల్డింగని చెబితే ఫ్లాటు నంబరు ఎంత అని అడుగుతున్నారు" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

పెట్టెలు మార్చే రోజు వచ్చింది. ఆ పని చెయ్యాల్సింది కూడా అతనే. కంపెనీ చొక్కా వేసుకుని, తను బిగించిన పెట్టెల్ని తనే ఒక్కొక్కటిగా విప్పాడు. పాతవన్నీ గోనెసంచీలో వేసుకుంటూ మెట్లు దిగాడు. నా గుమ్మం ముందున్న దాన్ని విప్పేటప్పుడు నేను మిషను తొక్కుతూనే ఉన్నాను.

గేటు పెట్టెని మాత్రం విప్పలేదు. కొత్త లైనులోంచే దానికొక వైరు కలిపి, పాత పేరుతోనే ఉంచేశాడు. రెండో రోజుకే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. గేటు దగ్గర ఏదో పరాయి పెట్టె కనిపిస్తోంది, తీసేయమని. ఆఫీసులో కూర్చునే అన్నీ తెలుస్తాయని ఆ మేడమ్ ఊరికే అనలేదు. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే ఆ గేటే పోతుంది. అందుకని లైను పీకేశాడు. కరెంటు మాత్రం ఉంచాడు.

"లైను లేకపోతేనేం అక్కా, పేరు వెలుగుతుంటే చాలు. దాని ఫోను పేరు చూసి కలుస్తుంది. నా ఫోనూ ఆ పెట్టెకే కలిపి ఉంచాను, అది కలిసినట్టు నాకు కనిపిస్తుంది. నాకు అంతకంటే ఏం కావాలి?" అన్నాడు. లైను లేని వైఫై దగ్గర ఫోను ఏం చేస్తుందో తెలియని మనిషి కాదు. రోజూ వందమందికి చెప్పే సంగతే. కానీ ఆశ పట్టుకుంటే తెలిసినవి కూడా గుర్తురావు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం దబదబా మెట్లు దిగుతున్న చప్పుడైంది. నా గుమ్మంలో ఆగి ఫోను చూపించాడు. మొహం వెలిగిపోతోంది. "వచ్చిందక్కా! గడుగ్గాయి వచ్చింది, చూశారా, పేరుంటే చాలని..." మాట పూర్తికాలేదు. చుక్క ఆరిపోయింది. బస్సు చప్పుడేమీ వినిపించలేదు. ఇద్దరం చెవులు రిక్కించాం.

"బస్సు తొందరగా వచ్చినట్టుంది" అన్నాడు.

ఆ తర్వాత చుక్క వెలగలేదు. వారం గడిచింది, నెల గడిచింది. రోజూ చీకటి పడేదాకా ఆ తెరనే చూసేవాడు. చివరికి ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "ఒకసారి మీ ఫోను తీసుకుని గేటు దాకా రండక్కా" అన్నాడు. నా ఫోనులో పాత పేరు ఇంకా అలాగే ఉంది. గేటు దగ్గర ఫోనులో కొత్త వైఫై ఆపి నిలబడ్డాం. ఫోను కాసేపు వెతుక్కుని "నాన్న పైన" అని చూపించింది. కలిసింది. వెంటనే కింద ఒక మాట పడింది. ఇంటర్నెట్ లేదు. ఇలాగే ఉండాలా, వదిలేయాలా అని అడిగింది.

అతను ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొంచెం నొక్కితే కింద ఇంకో మాట వచ్చింది. మర్చిపో. ఆ పేరుని ఫోను ఇక ఎప్పటికీ పట్టించుకోకుండా చేసే మీట అది.

"దీన్నే నొక్కిందక్కా" అన్నాడు. "వదిలేయమంటే మళ్ళీ ఎప్పుడో ఒకసారి కలిసేది. ఇది నొక్కింది కాబట్టే రావడం లేదు. నేనే దాని చేత నొక్కించాను."

నేను తిట్టబోయాను. పిచ్చిమాటలు మానమనో, ఇంకేదో. అంతలో అతను గేటు పట్టుకుని ఏడ్చాడు, ఆ కంపెనీ చొక్కా చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, అంతే.

ఆ మర్నాటినుంచి పని అయిపోగానే బస్టాపుకి పోయి నిలబడటం మొదలుపెట్టాడు. ఇక దాక్కోవాల్సిన పని లేదు కదా, ఎదురుపడి చెప్పేయాలనుకున్నాడు. కళ్ళలో వత్తులు వేసుకుని ప్రతి బస్సూ చూసేవాడు, ఎక్కేవాడు కాదు. వానలు పట్టాయి. ఆ రేకు కప్పు సగం కారుతుంది. గొడుగిచ్చి పంపేదాన్ని, ఎవరికో ఇచ్చేసి తడుస్తూ వచ్చేవాడు. "ముసలాడివవుతున్నావు, చచ్చిపోతావురా" అని నోటికొచ్చినట్టు తిట్టాను. దగ్గు పట్టింది. దగ్గుతోనే నిచ్చెనలెక్కాడు, దగ్గుతోనే స్టాపులో నిలబడ్డాడు. ఊపిరితిత్తులకి పాకిందని డాక్టరు చెప్పేనాటికి ఆలస్యమైంది. ఆసుపత్రిలో ఓనరూ నేనూ మార్చి మార్చి కూర్చున్నాం. పిల్ల కోసం తెలిసిన షాపులన్నీ వెతికించాం, దొరకలేదు. చివర్లో నన్ను అడిగిందొకటే. గేటు పెట్టెకి కరెంటు ఉందా అని. ఉందన్నాను. ఉంది కూడా.

సిగ్నల్ పోయాక ఓనరు గేటుకి బోర్డు కట్టాడు. డాబా మీద గది అద్దెకు ఇవ్వబడును. కింద నా ఇంటికి దారి చూపిస్తూ ఒక బాణం గీశాడు, నేనెప్పుడూ ఇంట్లోనే ఉంటానని.

ఒకరోజు మిషను ముందు నీడ పడితే తలెత్తాను. గడుగ్గాయి. చిక్కిపోయింది, భుజానికి సంచీ ఉంది.

"బోర్డు చూశాను అత్తా" అంది. "పైన గది ఖాళీ చేశాడా? నాన్న ఎటు పోయాడు?"

నేను లేచి నిలబడ్డాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. చెప్పాను. అది నా మిషను పక్కన నేల మీద, బట్టల ముక్కల్లో కూలబడిపోయింది. దాన్ని ఒళ్ళో వేసుకుని చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను. ఏడుపు కొంచెం తగ్గాక పచ్చచుక్క సంగతి చెప్పాను. నాన్న గుమ్మంలో కూర్చుని చూసుకునేవాడని, నన్ను గట్టిగా మాట్లాడొద్దనేవాడని చెప్పాను.

"నేనూ అందుకే దిగేదాన్ని అత్తా" అంది. "ఆ స్టాపులో నాకు పనేం లేదు. ఫోనులో 'నాన్న పైన' అని పడితే, ఉన్నాడులే అనుకునేదాన్ని. పాస్‌వర్డు మార్చలేదు, నా మీద కోపం పోయినట్టే అనుకునేదాన్ని. పైకి రావాలంటే కాళ్ళు వచ్చేవి కావు. ఒకరోజు చూస్తే పేరుంది, లోపల ఏమీ లేదు. పక్కన కొత్త పేరు, తాళం వేసి ఉంది. పాత పాస్‌వర్డు కొట్టి చూశాను, తీసుకోలేదు. నన్ను బయట ఉంచి లైను కోసేశాడనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాతి స్టాపులో దిగడం మొదలుపెట్టాను. వానల్లో ఒకసారి బస్సులోంచి చూశాను. నాన్న స్టాపులో నిలబడి ఉన్నాడు, తడుస్తున్నాడు. ఎవరికోసమో చూస్తున్నాడనుకున్నా. నన్ను చూస్తాడేమోనని తల కిందికి దించేసుకున్నాను."

దాన్ని ఏమనను? తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే రకం. ఇద్దరూ ఇంత దగ్గరికి వచ్చి అక్కడ ఆగిపోయే రకం. నాకు ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే దాని జుట్టు సరిచేసి, మొహం కడిగించి, టీ తాగించాను.

గది తాళం ఇస్తే పైకి పోయి వాళ్ళమ్మ చీర ఒకటి, నాన్న చొక్కా ఒకటి తెచ్చుకుంది. కంపెనీది కాదు, పాతది. గేటు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. గేటు పైన ఆ పెట్టె ఇంకా ఉంది, దీపం మినుకుమంటోంది. పిల్ల ఆగి ఫోను తీసింది. పేరు కనబడుతోంది. పాస్‌వర్డు మళ్ళీ కొట్టింది, చూసుకోకుండానే కొట్టింది. ఇంటర్నెట్ లేదు, ఇలాగే ఉండాలా, వదిలేయాలా అని ఫోను అడిగింది. ఉండాలని నొక్కింది. పైన డాబా మీద చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"అత్తా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవు కదా" అంది. "ఆ రోజు నేను మర్చిపో అని నొక్కాను. అది అక్కడ నాన్నకు కనిపిస్తుందా? నేను నొక్కినట్టు తెలిసిందా?"

బస్సు మలుపు తిరుగుతోంది.

"లేదే" అన్నాను. "అది అందులో కనిపించదు. బస్సు తొందరగా వచ్చినట్టుందనే అన్నాడు."

అది నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత నమ్మింది. కళ్ళు తుడుచుకుని, సంచీ భుజానికెత్తుకుని, "వెళ్ళొస్తానత్తా" అని బస్సెక్కింది.